గడి పడని మొహం

ఉదయం ఏడూ పదికి సుంకన్న ఫొటో స్టూడియో షట్టరెత్తి, జేబులోంచి ఒక కెమెరా తీసి బల్లమీద పెట్టాడు. ఎవరో వాడి అమ్మేసినది. అరచేతిలో పట్టేస్తుంది. అయినా లెన్సు విప్పి మార్చుకోవచ్చు. అతని దగ్గరున్న డబ్బుకి ఆ రకంలో దొరికింది ఇదొక్కటే. నచ్చకపోతే సాయంత్రంలోగా తిరిగి తెమ్మని దుకాణం వాడు చెప్పాడు.

అతనికి పని నేర్పే దస్తగిరి ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నంద్యాలలో చావు ఫొటోలకు చాలా ఇళ్లవాళ్లు ఆయన్నే పిలుస్తారు.

"ఇది కెమెరానా, వక్కాకు సంచిలో సున్నంకాయా?"

"పెద్ద కెమెరా చూస్తే ఏడ్చేవాళ్లు కూడా జుట్టు సర్దుకుంటున్నారు ఉస్తాద్. దీన్నయితే ఎవరూ పట్టించుకోరు. కొనమంటారా, వద్దంటారా?"

ఉస్తాద్ లేచి చెప్పులేసుకున్నాడు.

"తిమ్మక్క పోయిందంట. పా, అక్కడ తీసి చూద్దువు."

తిమ్మక్క ఇంట్లో, వాళ్ల ఆచారం ప్రకారం శవానికి స్నానం చేయించి, వసారాలో కుర్చీలో కూర్చోబెట్టారు. ముందుకు ఒరగకుండా నడుమును ఒక చీరతో కుర్చీకి కట్టారు. చుట్టూ కోడలు, కూతుళ్లు, మనవలు నిలబడ్డారు. కొడుకు మద్దిలేటి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

సుంకన్న కెమెరా తెర చూశాడు. ఒక్కొక్క మొహం చుట్టూ సన్నటి ఆకుపచ్చ గడి వెలిగింది. ఇంత చవకదానికి మొహాలు గుర్తుపట్టేది కూడా ఉందే అని సంబరపడ్డాడు. తిమ్మక్క మొహానికి గడి పడలేదు. అందులో వింతేముంది అనుకున్నాడు.

మద్దిలేటి మొహానికీ పడలేదు.

"అన్నా, కాస్త ఇటు తిరుగు."

తిరిగాడు. పడలేదు.

"ఒక్కడుగు ముందుకి రా."

వచ్చాడు. పక్కనున్న కోడలి మొహం మీద గడి ఉంది, అతని మీద లేదు.

సుంకన్న గొంతు తగ్గించాడు. "దీనికి లోపముంది ఉస్తాద్. ఒక మొహాన్ని పట్టడం లేదు. ఈ వంకతో ధర తగ్గించమని అడగొచ్చు."

ఉస్తాద్ కెమెరా తీసుకున్నాడు. లెన్సు తిప్పి ఊడదీసి, తన చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగిలినదాన్ని శిష్యుడి చేతిలో పెట్టాడు. తెరమీద తెల్లటి మసక తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు చూడు."

"లెన్సు లేకుండా ఏం చూడాల?"

"వాణ్ణి."

సుంకన్న తలెత్తాడు. మద్దిలేటి పెదవి ఒక కొస కిందికి జారి ఉంది. తల్లి భుజం మీద వేసిన చెయ్యి ఎప్పుడు జారిందో, పక్కన వేలాడుతోంది. ఆ సంగతి అతనికే తెలిసినట్టు లేదు. ఇంటిల్లిపాదీ కెమెరావైపే చూస్తున్నారు.

"ఫొటో... అయిందా?" అన్నాడు మద్దిలేటి. మాట ముద్దగా వచ్చింది.

"ఆటో పిలవండి," అన్నాడు ఉస్తాద్. "ముందు వీడు. ఆమె ఆగుతుంది."

తిమ్మక్క ఫొటో ఆ రోజు ఎవరూ తియ్యలేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, సమయానికి తెచ్చారనీ ఆస్పత్రిలో అన్నారు. మద్దిలేటి బతికాడు.

సుంకన్న కెమెరా తిరిగివ్వలేదు. ధర గురించి మాట్లాడనూ లేదు.

ఆ తర్వాత ఎన్ని ఫొటోలు తీసినా గడులు రాలేదు. ఎక్కడ నొక్కితే వస్తాయో అడుగుదామని కొన్నాళ్లకు దుకాణానికి వెళ్లాడు. దుకాణం వాడు కెమెరాలో సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచి చూసి, చివరికి తలెత్తాడు.

"ఈ మోడల్‌కి మొహాలు పట్టేది లేదన్నా. దీని తర్వాత వచ్చినవాటికే పెట్టారు."