పాయ నోటికి కట్టిన కంచె

సముద్రంలో కలిసే సన్నటి పాయ ఒకటి ఉండేది. దాని ఒడ్డున మడచెట్ల వేళ్ల సందుల్లో చేపపిల్లలు పెరిగేవి. ఆ పాయనే నమ్ముకుని నీటికుక్కల మంద బతికేది. రెండు నెలలుగా వేట పడటం లేదు. నూకాలు అనే తల్లి నీటికుక్క పిల్లలు మూడూ ఆకలికి ఏడవడం కూడా మానేశాయి.

తాబేలు మామ్మ ఏటా ఆ పాయకొచ్చి వేటాడేవాళ్లకు మంచీచెడూ చెప్పిపోయేది. ఈసారీ చెప్పింది.

"వేళ్ల దగ్గర పిల్లచేపల్ని ముట్టుకోకండి. అవి సముద్రంలోకి పోయి పెరిగితేనే పై ఏడు మీకు వేట."

"పై ఏటిదాకా నా పిల్లలుండాలిగా మామ్మా?" అంది నూకాలు.

ఆ మాట వినబడగానే నక్క పైడయ్య ఊడిపడ్డాడు. ఈయనకు ఈత రాదు, చేపంటే మాత్రం ప్రాణం. చెప్పేవాడికి వినేవాడు లోకువ, పైగా వినేవాళ్లు ఆకలితో ఉన్నారు.

"మామ్మ ఏడాది తర్వాత సంగతి చెప్తుంది, నేను ఇవాళ్టిది చెప్తాను. పాటుకు నీరు సముద్రంలోకి వెనక్కి తీసేముందు పాయ నోటికి కొమ్మలతో కంచె కట్టండి. చేపపిల్లలన్నీ బురదలో దొరుకుతాయి. ఏరుకు తినడమే."

"నువ్వు బురదలో ఉండగా పోటొస్తే?" అంది మామ్మ.

"మోకాలు దాటదు. అష్టమి నాడు చూశాను."

ఆ రోజు అమావాస్య, అష్టమి కంటే పోటు బాగా పెద్దగా వచ్చే రోజు. మామ్మ నక్క వైపు తల తిప్పింది.

"మా పాయకో కట్టుబాటుంది పైడయ్యా. సలహా చెప్పినవాడే ముందు దిగాలి. అతను తిరిగి గట్టెక్కేదాకా ఎవరూ వేట ముట్టకూడదు."

ముందు దిగితే ముందు తినొచ్చు. నక్క ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

కంచె కట్టారు. నీరు తీసింది. గుంటల్లో చేపపిల్లలు కొట్టుకుంటున్నాయి. నక్క వాటి మధ్యకు ఉరికాడు. నాలుగడుగులు వేశాడో లేదో పొట్టదాకా దిగబడ్డాడు. ఒక కాలు లాగితే మిగతా మూడూ ఇంకా లోపలికి పోతున్నాయి. గట్టు మీద నూకాలు పిల్లలు చేపల వంకే చూస్తున్నాయి.

ఇంతలో సముద్రం వైపు హోరు వినిపించింది. చూస్తుండగానే నీరు నక్క రొమ్ముదాకా వచ్చింది.

"నూకాలూ, ఏదో ఒకటి చెయ్యవే తల్లీ."

"బురదలోంచి బయటపడే ఉపాయం మామ్మకే తెలుసు, అడుగు."

"కొమ్మలు పరిస్తే కాలు ఆనుతుంది," అంది మామ్మ. "కొమ్మలన్నీ కంచెలోనే ఉన్నాయి మరి. పీకమంటావా?"

నక్క చేపల వంక చూశాడు. నీరు గడ్డం తాకింది.

"పీకండి."

నూకాలు కదల్లేదు. "నా పిల్లల సంగతేంటి మామ్మా?"

"ఈ అమావాస్య నుంచే పెద్ద పోటుకు పండుగప్పలనే పెద్దచేపలు పాయ నోటికొస్తాయి. నేను ముందు దిగుతా, నా వెనకే రా."

నూకాలు కంచె పీకి కొమ్మలు నక్క ముందు పరిచింది. నక్క ఆ కొమ్మల మీద పాకుతుంటే చేపపిల్లలు అతని ముక్కు పక్కనుంచే జారిపోయాయి. పొద్దు వాలేలోగా నూకాలు పిల్లలు పండుగప్ప తిన్నాయి. పైడయ్యకు మూతికంటిన బురద నాక్కోవడమే మిగిలింది.

తన పొట్ట కోసం సలహా చెప్పేవాడు ఎదుటివాళ్ల పిల్లల నోటికాడ కూడు తీస్తాడు.