నాలుగు వరుసలు, తొమ్మిది వేల సార్లు

చింతవాగు అడవిలో జంతువులకు ఒక కంప్యూటర్ ఉండేది. మనుషులు వదిలేసిపోయిన అటవీ బంగళాలో, వరండా పక్క గదిలో దాన్ని పెట్టుకున్నారు. అందులో ఉన్నవి రెండే జాబితాలు. ఏ బొరియ ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో ఒకటి చెబుతుంది. ఏ బొరియలో ఎవరెవరు కాపురం ఉంటున్నారో రెండోది చెబుతుంది. వాగు పొంగే రోజుల్లో, నీళ్లు ఫలానా ఎత్తుకి వస్తే మునిగేదెవరని అడిగితే కంప్యూటర్ పేర్లు ఇచ్చేది. ఆ పేర్లు పట్టుకుని కొండముచ్చులు పరుగెత్తి, అందరినీ మెరక మీదికి చేర్చేవి.

కంప్యూటర్ ముందు కూర్చునేది పట్టాభి అనే నక్క. మాటకారి. జాబితాల్లో పేర్లు ఎక్కించేది తాయారు అనే ఉడుత. ఇద్దరి మీదా పెత్తనం ఏనుగు అంకమ్మది. బయట పెరట్లో గుర్నాథం అనే ముసలి ఎద్దు ఉండేవాడు. చక్రం చుట్టూ తిరిగి కంప్యూటర్‌కి కరెంటు పుట్టించడం అతని పని. తిరుగుతూ తిరుగుతూ కిటికీలోంచి లోపలికి చూసేవాడు. మూడేళ్లు అలా చూసి చూసి, తెర మీద వచ్చేవన్నీ చదవడం తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కనక.

ఆ శ్రావణంలో వాగు రెండు రోజులు ఆగకుండా పొంగింది. పొద్దున అడిగిన పేర్లు రావడానికి మూడు గంటలు పట్టింది. అవి చేతికొచ్చేసరికే పల్లపు బొరియల్లోకి నీళ్లు దూరాయి. ఒక కుందేలు తల్లి పిల్లల్ని నోట కరుచుకుని మెడలోతు నీళ్లలో ఈదుతూ వచ్చింది. మధ్యాహ్నం ఎగువ నుంచి కొంగలు కబురు తెచ్చాయి.

"పొద్దుగూకేలోపు ఇంకా పెద్ద పోటు వస్తుంది. ఇంకో రెండు బారలు పెరుగుతుంది."

అంకమ్మ గదిలోకి తల పెట్టింది.

"ఏం పట్టాభీ, నిరుడు చిటికెలో వచ్చిన పేర్లకి ఈ ఏడు మూడు గంటలేంటయ్యా?"

పట్టాభి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు. పొద్దుటి పని కంప్యూటర్ ఎలా చేసిందో అచ్చు వేసిన కాగితం తీశాడు. ప్లాన్ అంటారు దాన్ని. పని ఎన్ని మెట్లుగా చేసిందో, ఒక్కో మెట్టులో ఎన్ని వరుసలు వస్తాయని ముందు అనుకుందో, నిజంగా ఎన్ని వచ్చాయో అందులో ఉంటుంది. ఒక వరుస అంటే జాబితాలో ఒక బొరియ, లేదంటే ఒక ప్రాణి.

"అమ్మగారూ, మీరే చూడండి. మొదటి మెట్టు, మునిగే బొరియలు ఏరడం. వచ్చిన వరుసలు తొమ్మిది వేలు. రెండో మెట్టు, ఆ బొరియల్లో ఎవరున్నారో వెతకడం. వచ్చినవి నాలుగు. బరువెక్కడుందో నేను చెప్పాలా?"

"తొమ్మిది వేల దగ్గరే ఉన్నట్టుంది."

"అదీ! ఈ తాయారు కనపడిన కన్నమల్లా ఎక్కించేసింది. వాటిలో ఆరు వేలు ఎలుక బొరియలే. ఇప్పుడే చెరిపేద్దాం. పేర్లు గబగబా వస్తాయి."

తాయారు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అయ్యో, ఎండాకాలం కొండ మీద మంటలొస్తే కిందికి దిగొచ్చినవాళ్లండీ వాళ్లు. ఒక్కో గడపకీ వెళ్లి అడిగి రాసుకొచ్చాను. చెరిపేస్తే వాళ్లకి కబురెవరు చెబుతారు?"

"అందరినీ పట్టుకు వేలాడితే అందరూ మునుగుతారమ్మా," అన్నాడు పట్టాభి జాలిగా.

అంకమ్మ వాగు వైపు చూసింది. నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. ఆలోచించుకునే వ్యవధి లేదు. "కానీ, ఏం చేస్తాం..." అనబోయింది.

పెరట్లో చక్రం ఆగింది. గదిలో దీపం మిణుకుమంది.

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు గుర్నాథం కిటికీలోంచి. "పట్టాభీ, ఆ కాగితం మీంచి నీ పంజా తియ్యి."

"నీకెందుకోయ్ ఇదంతా? పోయి చక్రం తిప్పుకో."

"తియ్యమన్నాను."

అతను గొంతు పెంచలేదు. అంకమ్మే తొండంతో నక్క పంజా పక్కకి జరిపింది. నాలుగు అన్న అంకె పక్కన ఇంకో అంకె ఉంది.

"అక్కడేం రాసుందమ్మా?" అడిగాడు గుర్నాథం.

"సార్లు, తొమ్మిది వేలు అని ఉంది."

"అదీ సంగతి. నాలుగు అనేది మొత్తం కాదమ్మా, ఒక్కసారికి. ఒక్కో బొరియకీ ఆ మెట్టు మళ్లీ మొదటినుంచి నడిచింది. ఇక్కడికి రాకముందు పదేళ్లు గానుగ తిప్పినవాణ్ణి నేను. ఒక చుట్టు ఎంత? ఇరవై అడుగులు. చూసినవాడికి అదో పనిలా కనపడదు. కానీ సాయంత్రానికి నా మెడ పుండయ్యేది. ఎన్ని చుట్లు అని మా ఆసామి ఏనాడూ అడగలేదు."

గుర్నాథం కిటికీలోంచి కొమ్ము చాపి కాగితం అడుగు చూపించాడు.

"దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటుంది. తాయారూ, చదువమ్మా."

తాయారు కళ్లు తుడుచుకుని కాగితం మీదికి వంగింది. "చూసి వదిలేసిన వరుసలు... ఎనభై వేలు."

"అదీ ఒక్కసారికే. అంటే ఒక బొరియలో నలుగురిని పట్టుకోవడానికి అడవిలో ఉన్న ఎనభై వేల పేర్లూ తిరగేసి, మిగతావన్నీ పక్కన పడేసింది. తర్వాతి బొరియకి మళ్లీ ఎనభై వేలు. అలా తొమ్మిది వేల సార్లు."

తాయారు నేల మీద గోటితో గీసి లెక్క కట్టింది. కట్టి నోరు తెరిచేసింది. "డెబ్బై రెండు కోట్లు మావా!"

"మూడు గంటలు నా కాళ్లు నడిచింది ఆ డెబ్బై రెండు కోట్ల కోసమే తల్లీ."

అంకమ్మకి ఒళ్లు మండింది. "మరి యంత్రానికి బుద్ధి లేదా? అంత చుట్టుదారి ఎందుకు తొక్కింది?"

"దాన్ని అనకండమ్మా. మొదటి మెట్టులో అంచనా ఎంతో చూడండి. పన్నెండు. పల్లంలోకి ఇంతమంది రాకముందు, నిరుటి లెక్క ప్రకారం పన్నెండు బొరియలే మునుగుతాయనుకుంది. పన్నెండుసార్లు తిరగేయడానికి ఎంతసేపు? నిజానికి వచ్చినవి తొమ్మిది వేలు. అన్ని వస్తాయని ముందే తెలిస్తే రెండు జాబితాలూ చెరొకసారి చదివి జత కలుపుకునేది. జాబితాలు పెరిగాక, మళ్లీ లెక్క చూసుకోమని దానికి మనం చెప్పాలి. నెలకోసారి చెప్పాల్సిన పని అది."

"ఎవరి పని?"

గుర్నాథం పట్టాభి వైపు చూశాడు. తాయారు కాగితం అడుగున వెతికి నెమ్మదిగా చదివింది. "ఆఖరిసారి లెక్క చూసింది, పోయిన ఏడాది ఫాల్గుణంలో."

పట్టాభి తోక కాళ్ల మధ్యకి చేరింది. "ప్లాన్ చదవడంలో పొరపాటు జరిగిందండీ అమ్మగారూ..."

"చదవడం నీకు బాగానే వచ్చయ్యా," అన్నాడు గుర్నాథం. "రాకపోతే సరిగ్గా ఆ అంకె మీదే పంజా ఎలా పడుతుంది?"

అతను మళ్లీ చక్రం దగ్గరికి పోయి మెడ వంచాడు. ఎలా అడగాలో కిటికీలోంచి చెబుతుంటే తాయారు మీటలు నొక్కింది. లెక్క తాజా అయింది. ఇంకో రెండు బారల ఎత్తుకి మళ్లీ పేర్లు అడిగారు. ఈసారి అంచనా పది వేలకి దగ్గరగా వచ్చింది, నిజంగా వచ్చినవీ దాదాపు అన్నే. రెండో మెట్టు పక్కన సార్లు ఒకటి అని పడింది. గుర్నాథం పెరట్లో నాలుగు చుట్లు తిరిగాడో లేదో, నలభై వేల పేర్లు బిలబిలమంటూ వచ్చాయి.

కొండముచ్చులు కాగితాలు పట్టుకుని పరుగెత్తాయి. చినుకుల్లో అడవంతా కదిలింది. ఎలుకలు పిల్లల్ని మోసుకుంటూ, పందికొక్కులు ముసలివాళ్లని నడిపించుకుంటూ మెరకెక్కాయి. పొద్దుగూకే ముందే పోటు వచ్చింది. పల్లం మొత్తం నీళ్లయింది. ఏ బొరియలోనూ ఒక్క ప్రాణం కూడా చిక్కుకోలేదు.

ఎలుకలన్నీ పెరటి గోడ మీద బారులు తీరి ఎద్దుని చూస్తూ నిలబడ్డాయి. ఏమనాలో తెలియక ఒక ముసలి ఎలుక, "చల్లగా ఉండు నాయనా," అంది. గుర్నాథం సిగ్గుపడి, "రాసింది తాయారు, నేను చదివానంతే," అన్నాడు.

పట్టాభి కుర్చీని అంకమ్మ తాయారుకిచ్చింది. చక్రం దగ్గర రెండు కుర్ర దున్నల్ని పెట్టి, గుర్నాథాన్ని వరండాలో కూర్చుని ప్లాన్లు చూడమంది. మూల నక్కి ఉన్న పట్టాభి నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"అమ్మగారూ, మరి నేనేం చేయాలి?"

"చిన్న పనేనయ్యా. వాగు దాకా వెళ్లి, నీళ్లు ఎంతున్నాయో చూసొచ్చి చెప్పు. పోను రాను నాలుగు వందల అడుగులే."

"ఓస్, అంతేనా!" అని పట్టాభి ఉత్సాహంగా బురదలోకి దిగాడు.

"గంటకోసారి," అంది అంకమ్మ వెనకనుంచి. "వానలు వెలిసేదాకా."

నీతి: ఒక్కసారికి ఎంతో విని తేలిక పడకండి, ఎన్నిసార్లో కూడా అడగండి.