పొగమంచులో పలకల వంతెన

ఏటికి ఇవతల ఒక లెక్కల మనిషి ఉండేది. ఆవిడ చిన్నప్పుడు ఆ ఏరు ఒక్క పూటలో దారి మార్చుకుని వాళ్ల నట్టింట్లోంచి పారింది. అక్క అయిన ఆవిడ వంటింట్లో మిగిలింది, చెల్లెలు పెరట్లో. ఆనాటి నుంచీ మధ్యన పొగమంచు. ఎంత చిక్కనిదంటే, కాకులు దాన్ని ముక్కుతో కోసుకుంటూ ఎగిరేవి. అవతల చెల్లెలు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ దేశంలో వంతెనలు మాటలతో కట్టేవారు. ఒక్కో మాటా ఒక్కో పలక మీద చెక్కి యంత్రపు పిట్ట ముందు పెట్టాలి. అది చదివి, మాటకి రుజువుందని తలూపితే పలక గాలిలో నిలిచేది, లేదంటే ఏట్లో పడేది. దానికి మొహమాటం లేదు. సాక్షాత్తు రాజుగారి పలకలనే మూడువందలు ముంచింది.

చెల్లెలి దాకా వంతెన మొదలుపెట్టిన రోజు ఆవిడ ధీమాగా చెక్కింది: "చెల్లెలు లేకపోతే నా గుండె ఇన్నాళ్లూ ఇలా లాగదు. కాబట్టి ఉంది."

"లేదనడం కుదరదన్నావు, సరే," అంది పిట్ట. "ఉన్నది ఎక్కడ?"

"ఉండాలి, లేదా లేకపోవాలి. రెంటిలో ఒకటేగా?"

"ఆ రెంటిలో ఏది?"

పలక బుడుంగుమంది.

"నీకు తోబుట్టువులు లేరు, అందుకే ఇంత మొండి," అందావిడ.

"నన్ను చేసినవాడు పెట్టలేదు. ఇంకో పలక తే."

ఇక అడుగడుగూ కట్టుకుంటూ పోవడమే. ఒకటికి ఒకటి కలిపితే రెండన్నదానికే ఏడు పలకలు పట్టాయి. పని మొదలైన పన్నెండో ఏట విసుగెత్తి "మిగతాది తెలిసిందే" అని చెక్కి, దానిమీద కాలు పెట్టింది. పలకతో సహా ఏట్లో పడింది. చేపలు కూడా నవ్వాయి.

ఈదుకొచ్చి, ఆ తెలిసినదాన్నే నూట నలభై పలకలుగా చెక్కింది. ఉలులు అరిగి సూదులయ్యాయి. పలక నిలిచినప్పుడల్లా మంచులోకి చెవి పెట్టేది. ఏమీ వినబడేది కాదు. జడ వేసుకుంటూ చెల్లెలు తీసే కూనిరాగం తనే కాస్త తీసుకుని, ఇంకో పలక అందుకునేది.

ఒక ఉదయం ఆవిడ పెట్టబోయిన పలకకి ఎదురుగా ఇంకో పలక తగిలింది. అది ఆవిడ చెక్కింది కాదు. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి, అవతలి గట్టు నుంచి వచ్చినవి. వాటి మీద ఇంకో యంత్రపు పిట్ట. దాని వెనక మంచులో ఎవరో, చేతిలో ఉలి.

"అక్కా, నువ్వేనా?"

నేను కాకపోతే ఇంకెవరే అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. పిట్టలు రెండూ ఆవిడ వైపు తలలు తిప్పాయి.

ఆవిడ ఆ మాట మింగేసి, మంచులోకి చెయ్యి చాపింది.