మజ్జిగలో మందు

రాజుగారి పాఠశాలకు పెద్దపంతులు సూర్యావధాని. ఎదురుపడ్డ ప్రతి పంతులిలోనూ తప్పులెంచేవాడు. వాళ్లేమో ఆయన్ని తప్పించుకుని, మజ్జిగ పోసే పోలమ్మ చుట్టూ చేరేవారు. అది చూసి అవధానికి కడుపు మండిపోయేది.

"మజ్జిగలో ఏం మందు కలుపుతున్నావే?" అని ఒకరోజు నిలదీశాడు.

"రేపు మీరే పోసి చూడండి సామీ. కుండ ఖాళీ అయ్యేదాకా మాత్రం నోరు విప్పకూడదు. విప్పితే మందు పనిచెయ్యదు," అంది పోలమ్మ.

మర్నాడు అవధాని పళ్లు బిగబట్టి పోశాడు. ఒక పంతులు బెరుకుబెరుకుగా కూతురి జ్వరం సంగతి చెప్పాడు. ఇంకొకాయన తన తరగతి గది పైకప్పు కురుస్తోందన్నాడు. కాసేపటికి అందరూ ఆయన చుట్టూనే కూర్చున్నారు.

కుండ ఖాళీ కాగానే అవధాని పోలమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "ఆ మందేదో నాకిచ్చెయ్. ఇకమీదట నేనే కలుపుకుంటాను."

"మజ్జిగలో ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు సామీ. మందు వేసింది మీ నోటికి."