బాతుల నాంచారి, నాలుగో రోజు వేషం

ఇటు తిరిగి పడుకో. దుప్పటి మెడదాకా లాక్కో. పొద్దున్న మీ అక్క మోకాళ్ళ దగ్గర చిరుగులున్న ప్యాంటు వేసుకొస్తే ఎవరెవరో ఏదేదో అన్నారు. సరే, వాళ్ళ నోళ్ళు మనం కట్టేయలేం. నువ్వూ పకపకా నవ్వావు. నేను చూశాలే. అందుకని ఇవాళ నీకు భయం కథే. ఊఁ కొట్టడం మానావంటే మధ్యలో ఆపేస్తాను, ఆ పైన నీ ఇష్టం.

అనగనగా, మా అమ్మమ్మ ఇంకా పావడాలు కట్టే రోజుల్లో, కాలవ పక్కన ఒక ఊళ్ళో వరికోతలు అయిపోయాయి. అప్పుడు ఆ చేలల్లోకి బాతులవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఒకచోట ఉండరు. కోతలైన చేలవెంట బాతుల్ని తోలుకుంటూ పోతారు. రాలిన గింజలు, నత్తలు, అవే బాతులకి మేత.

ఆ బాతులవాళ్ళకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది నాంచారి, పదహారేళ్ళది. చిన్నది బుల్లెమ్మ, నీ అంత ఉంటుంది.

నాంచారికి బట్టల పిచ్చి. దర్జీ పారేసిన గుడ్డముక్కలు ఏరుకుని, ఎర్రదొకటి, పచ్చదొకటి, నీలందొకటి కలిపి తనే చొక్కా కుట్టుకుంది. కింద వాళ్ళ అయ్య పాత లాగు. నెత్తిన పసుపుపచ్చ పాగా. ఎందుకే ఇలా అంటే "నాకిష్టం" అనేది. అంతే. నీకు కాకరకాయంటే ఎందుకు గిట్టదో నేనెప్పుడైనా అడిగానా?

అదే వారంలో ఆ ఊరికి పగటి వేషగాళ్ళు కూడా వచ్చారు. పట్టపగలు, రోజుకొక వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగేవాళ్ళన్నమాట. వాళ్ళ పెద్ద వీరయ్య మహా గడుసువాడు. మొదటి రోజు ఫకీరు వేషం కట్టాడు. రెండో రోజు పాములవాడిగా వస్తే, మునసబుగారు నిజమనుకుని కర్ర పట్టుకుని అరుగు దూకాడు. ఊరంతా ఒకటే నవ్వు. మూడో రోజు బిడ్డ తప్పిపోయిన తల్లి వేషం కట్టి గుండెలు బాదుకుంటే ఆడవాళ్ళందరూ వెక్కివెక్కి ఏడ్చారు. తీరా ముసుగు తీస్తే, మీసాలు!

అప్పుడు ఆ ఊరివాళ్ళకి పౌరుషం వచ్చింది. "రేపు ఏ వేషమొచ్చినా సరే, మనం మోసపోకూడదు" అని అందరూ గట్టిగా అనుకున్నారు.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నం, అయ్యా అమ్మా గుడ్లు అమ్మడానికి సంతకి పోయారు. ఒక బాతుపిల్ల కాలవలోకి జారి తూము మూతిలో దూరింది. తూమంటే కాలవనీళ్ళు చేలోకి వెళ్ళే దారి. కాలవ ఎండి ఉంది కదాని బుల్లెమ్మ దిగింది. బాతుపిల్ల చేతికి దొరికింది గానీ, పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది.

నాంచారి లాగింది. రాలేదు. రాయి జరపబోయింది. కదల్లేదు. అప్పుడు పైనుంచి బుసబుసమని చప్పుడు. ఎగువన లాకులు ఎత్తేశారు! నీళ్ళొస్తున్నాయి!

చూస్తుండగానే బుల్లెమ్మకి మోకాలిదాకా వచ్చేశాయి. "అక్కా, నన్నొదిలి పోకే" అని ఏడ్చింది. పోకపోతే ఎలా? ఆ రాయి పెకలించాలంటే గునపం కావాలి, బలమైన చేతులు కావాలి. నాంచారి గుండె గుప్పిట్లో పెట్టుకుని ఊళ్ళోకి పరిగెత్తింది. నువ్వు కాళ్ళు ముడుచుకుంటున్నావేం? నేనిక్కడే ఉన్నా. ఊఁ కొట్టు.

మొదట మునసబుగారి అరుగు కనిపించింది. "అయ్యగారూ, మా చెల్లి కాలు తూములో ఇరుక్కుందండీ. నీళ్ళొచ్చేస్తన్నాయి. గునపం పట్టుకుని రండయ్యా!" అని కాళ్ళమీద పడింది.

ఆయన ఆ రంగుల చొక్కా చూశాడు, ఆ పాగా చూశాడు. మీసం దువ్వుకుని, "భేష్! ఏడుపు బాగా కుదిరింది. కానీ ఈసారి నేను అరుగు దిగనోయ్!" అన్నాడు. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అక్కడ నీళ్ళు బుల్లెమ్మ నడుముకి వచ్చాయి.

ఆ తర్వాత నాంచారి కామమ్మగారి వాకిట్లోకి పరిగెత్తింది. ఆవిడ మంచి మనిషే. మాట పూర్తిగా వినకుండానే లోపలికెళ్ళి చాటెడు బియ్యం తెచ్చింది. "వేషగాళ్ళని ఉత్త చేతుల్తో పంపకూడదు, పట్టమ్మా" అంటూ చొక్కా చెరుగు పట్టించి పోసింది. "బియ్యం వద్దమ్మా, మనుషులు కావాలి" అని నాంచారి అరిచింది. కామమ్మ ముక్కున వేలేసుకుని, "అబ్బ, ఎంత బాగా అంటోందో!" అంది.

అక్కడ నీళ్ళు బుల్లెమ్మ గుండెలకి వచ్చాయి.

ఆ తర్వాత మూడో ఇల్లు. ఆ గుమ్మంలో నాంచారి ఈడుదే ఒక కొత్త కోడలు, చంకలో ఆడపడుచు బిడ్డని ఎత్తుకుని నిలబడింది. నాంచారి ఎదురుగా వచ్చి చెల్లి సంగతి చెప్తుంటే ఆ కోడలు వేషమని కూడా అనుకోలేదు. లాగూ పాగా చూసి, "అమ్మో, పిల్లల్ని ఎత్తుకుపోయేది!" అని కేకపెట్టి తలుపేసేసింది. లోపల గడియ పడ్డ చప్పుడు నాంచారి విన్నది. ఇంక ఏ గుమ్మం ఎక్కాలో ఆమెకి తోచలేదు.

అప్పుడు డప్పు మోగింది. వీధి చివరనుంచి అసలు వేషం వస్తోంది. శక్తి వేషం! నల్లటి మొహం, నెత్తిన కిరీటం, బయటికి వేలాడే ఎర్రటి చెక్క నాలుక, చేతిలో త్రిశూలం. పిల్లలు చెల్లాచెదురయ్యారు. నాంచారి కూడా బెదిరి గోడకి అతుక్కుపోయింది. చూడు మరి, ఆమె చూసిందీ వేషాన్నే కదా!

ఆ శక్తి వచ్చి ఆమె ముందు ఆగింది. నాలుక పక్కకి తీసి, మెల్లిగా, "ఏమైంది తల్లీ?" అంది. అది వీరయ్య గొంతు. నాంచారి చెప్పింది. ఎన్నోసారో ఆమెకే తెలియదు.

వీరయ్య ఆమె మొహంలోకి చూసి గిరుక్కున తిరిగాడు. "ఒరే, ఇది వేషం కాదర్రా! మేం ఏడిస్తే కన్నీళ్ళు కారతాయి గానీ ముక్కు కారదు. ఈ పిల్ల ముక్కు చూడండి! పరిగెత్తండర్రా, గునపాలు తెండి!" అని అరిచాడు.

ఊరివాళ్ళేం చేశారో తెలుసా? ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. "ఆహా! ఇవాళ జోడు వేషం!" అన్నారు.

అప్పుడు వీరయ్యకి భయం వేసింది. ఇరవై ఏళ్ళుగా అందరినీ నమ్మించినవాడు, ఇవాళ నిజం చెప్తుంటే ఒక్కడూ నమ్మడం లేదు. కిరీటం లాగి పారేశాడు. నాలుక పీకి పారేశాడు. మునసబుగారి గేదెల కుడితి తొట్టిలో తల ముంచి, మొహానికున్న మసి అంతా చేతుల్తో రుద్దుకున్నాడు. వేషగాడు నడివీధిలో వేషం తీయడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. తల ఎత్తితే, మాసిన గడ్డంతో ఒక ముసలాయన. ఏడుస్తున్నాడు. ఆయన ముక్కు కూడా కారుతోంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత అందరూ ఒక్కసారే పరిగెత్తారు.

వెళ్ళేసరికి నీళ్ళు బుల్లెమ్మ పెదాలదాకా వచ్చేశాయి. గడ్డం పైకెత్తి, కళ్ళు తేలేసి, బాతుపిల్లని రెండు చేతులతో నెత్తిమీద పట్టుకుని ఉంది. దానికి ఈతొచ్చన్న సంగతి ఆ భయంలో పిచ్చితల్లికి తోచలేదు. నలుగురు మగవాళ్ళు మునిగి రాయికింద గునపం పెట్టారు. ఒకసారి జారింది. రెండోసారి జారింది. మూడోసారి రాయి కదిలింది.

బతికింది లేవే! ఆ చేయి వదులు, గోళ్ళు గుచ్చుకుంటున్నాయి.

గట్టుమీద చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని నాంచారి ఊగుతూ కూర్చుంది. మునసబుగారు తడి పంచె పిండుకుంటూ, "ఇది నిజమని మాకు ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

నాంచారి ఆయనకేసి చూసింది. "చెప్పానండీ. మూడు గుమ్మాల దగ్గర చెప్పాను" అంది.

కామమ్మగారు కొంగుతో బుల్లెమ్మ తల తుడవబోతే, ఆ పిల్ల బెదిరి అక్క చొక్కాలో మొహం దాచుకుంది.

మర్నాడు వాళ్ళు బాతుల్ని తోలుకుని వెళ్ళిపోయారు. నాంచారి ఆ చొక్కా మానలేదు. ఆ పాగా మానలేదు. కానీ ఆనాటినుంచి ఏ కొత్త ఊరొచ్చినా పొలిమేరలోనే బాతుల్ని ఆపి, ఎదురొచ్చినవాళ్ళని ముందొక మాట అడిగేది: "మీ ఊరికి పగటి వేషగాళ్ళు వచ్చారా?" వచ్చారంటే, ఆ ఊళ్ళో చెల్లెల్ని అడుగు పెట్టనిచ్చేది కాదు. ఎంత పొద్దెక్కినా, ఎంత ఆకలేసినా సరే, చుట్టూ తిరిగి ఇంకో ఊరికి పోయేది.

కథ పోయె కంచికి,
బాతు పోయె గట్టుకి,
కునుకు వచ్చె కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి.