కూర్చోలేని వాడికి అన్నప్రాశన

మా అమ్మమ్మ పేరిందేవమ్మ గారిది నలభై పురుళ్ళు పోసిన చెయ్యి. ఒక్క ఇంటినుంచీ చీర పుచ్చుకోలేదు. మా అమ్మ సుభద్రాయమ్మ గారు కరువు ఏడాది వాకిట్లో అంబలి కాచి పోసిన ఇల్లాలు. వారిని తలుచుకుని మొదలుపెడుతున్నాను. ఊ కొట్టండి. నాకు ఓపిక తక్కువగా ఉంది. మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా ఒక ఊళ్ళో మంగతాయారు అనే కోడలు. ఆమెకు నాలుగు నెలల కొడుకు. వాడు రాత్రికి అయిదుసార్లు లేచేవాడు, అయిదుసార్లూ ఆమే లేచేది. తెల్లవారితే నూతి దగ్గర చేద పట్టుకుని నిలబడే కునికేది.

అత్తగారు చూడమ్మకు వాడికి అన్నం మొదలుపెట్టించాలని పట్టుదల. వాడు ఏడిస్తే ఆకలి అనేది. ఏడవకపోతే నీరసం అనేది. వేలు చప్పరిస్తే అన్నం అడుగుతున్నాడనేది. నిద్రపోతే, పాలు చాలక సొమ్మసిల్లాడనేది. పక్కింటి పిచ్చమ్మ వచ్చి, తన మనవడు మూడో నెలలోనే పప్పన్నం తిన్నాడని చెప్పింది. ఆ మనవడు నాలుగో నెలంతా విరేచనాలతో వడలిపోయిన సంగతి మాత్రం చెప్పలేదు. ఊరందరికీ తెలిసిందే గనుక చెప్పనవసరం లేదనుకుందేమో.

ఊ కొడుతున్నారా? సరే.

మంగతాయారుకు ఆ విరేచనాల సంగతే గుండెలో ముల్లు. కానీ ఎదురు చెప్పే ఓపిక లేదు. పెట్టేస్తే పోతుంది, ఒక్క రాత్రి నిద్రయినా దక్కుతుంది అని కూడా ఒకనాడు అనుకుంది. అందుకు ఆమెను తప్పు పట్టకండి.

చూడమ్మ పుట్టిన నెలనూ, నడుస్తున్న నెలనూ కలిపి, మధ్యలో వచ్చిన అధిక మాసాన్ని రెండుసార్లు లెక్కించి, నాలుగు నెలల వాణ్ణి ఆరు నెలల వాణ్ణి చేసి, పురోహితులు అవధానులు గారిచేత ముహూర్తం పెట్టించింది.

ఆనాడు పుస్తకం, బంగారం, కత్తి, పూలు వరుసగా పరిచారు. పిల్లవాడు ఏది పట్టుకుంటే వాడి బ్రతుకు అటు నడుస్తుందని ఆచారం కదా. చూడమ్మ పాయసం గిన్నె తెచ్చింది. అప్పుడు మంగతాయారు తల వంచుకునే అడిగింది.

"అవధానులు గారూ, వీణ్ణి మేము పట్టుకుని కూర్చోబెడితే ఆచారం చెల్లుతుందాండీ?"

"చెల్లదమ్మా. తానై కూర్చోవాలి, తానై అందుకోవాలి."

చేతులు వదిలారు. పిల్లవాడు ఎడమకు ఒరిగాడు. మళ్ళీ కూర్చోబెడితే కుడికి ఒరిగాడు. మూడోసారి ముందుకు వాలి, పుస్తకాన్ని చొంగతో తడిపాడు.

"పండితుడే. పుస్తకం రుచి చూశాడు," అన్నది పిచ్చమ్మ.

"పండితుడికైనా ముందు నడుము నిలవాలి గదమ్మా," అన్నారు అవధానులు గారు. "కూర్చోలేని వాడికి అన్నమేమిటి, చూడమ్మా? గొంతుకు అడ్డం పడుతుంది. నాకు నెలలు చెప్పావు గానీ పిల్లవాణ్ణి చూపించలేదు."

చూడమ్మ గిన్నెకు మూత పెట్టి, వంటింట్లో కూలబడింది. అప్పుడు అసలు మాట బయటపడింది. నాట్లు దగ్గరపడ్డాయి. వాడికి అన్నం అలవాటైతే తన దగ్గర వదిలి, కోడలు పొలానికి వెళ్ళగలదని ఆమె ఆలోచన. వాడికి ఆకలీ లేదు, పాలకు కొరతా లేదు. ఇంట్లో చేతులే చాలడం లేదు.

"ఆ మాట ముందే చెప్పవలసింది, అత్తయ్యా."

"చెబితే ఏడుస్తావనుకున్నాను. ఇంట్లో ఏడవడానికి ఒకడున్నాడు, చాలడూ?"

నాట్లున్నన్నాళ్ళూ చూడమ్మ రోజుకు మూడుసార్లు మనవణ్ణి చంకనేసుకుని పొలం గట్టుకు తీసుకువెళ్ళి పాలు పట్టించుకు వచ్చింది. ఆరు నెలలు నిండేసరికి వాడు ఎవరూ పట్టుకోకుండా కూర్చున్నాడు. మెత్తని అన్నాన్ని నాలుకతో తోసెయ్యకుండా మింగాడు. ఏ వస్తువు పట్టుకున్నాడో నాకు గుర్తు లేదు. ఆ మధ్యాహ్నం మనవణ్ణి అత్తగారు ఎత్తుకుంటే, మంగతాయారు దీపాలవేళ దాకా నిద్రపోయిందని మాత్రం గుర్తుంది.

నెలలు లెక్కపెట్టండి, పిల్లవాణ్ణి చూడండి; పక్కింటి మనవణ్ణి చూడకండి. కథ కంచిదారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. నేను మీ అమ్మకు అప్పగించినవి ఈ కథ, ఒక వెండి ఉగ్గుగిన్నె. గిన్నెకు ఒక పక్క సొట్ట ఉంది గానీ కారదు.