దస్తగిరి తెచ్చిన రంపం

దస్తగిరికి కొన్నాళ్లుగా రంపం తప్ప వేరే లోకం లేదు. తస్బీ పూసలు తిప్పుతూ కూడా రంపాల గురించే ఆలోచించేవాడు.

తప్పు అతనిది కాదు. గాలివానకు దర్గా వెనక పెద్ద వేపచెట్టు కూలింది. ఆకలితో వచ్చినవాళ్లందరికీ రోజూ అన్నం పెట్టే చోటు అది. చాన్నాళ్లకు సరిపడా పొయ్యికట్టెల్ని అల్లా గుమ్మంలోనే పడేశాడు గానీ, వాటిని కోసే దిక్కు లేదు. వంట చేసే ఓబులేసుకు గొడ్డలి ఎత్తీ ఎత్తీ భుజం పట్టేసింది. అందుకని దర్గా పెద్ద సత్తార్ బాబా తన శిష్యుడు దస్తగిరిని పిలిచి, "తక్కువలో, నమ్మకంగా పనిచేసే మిషను రంపం ఒకటి చూడు నాయనా" అన్నారు.

గురువు ఒక పని అప్పజెప్పడమే భాగ్యం. దస్తగిరి ఆ భాగ్యాన్ని నెత్తికెక్కించుకున్నాడు.

కట్టెల అడితిలో అడిగాడు. మెడ పట్టేసేదాకా ఫోనులో వీడియోలు చూశాడు. కరెంటు రంపం చవకే గానీ, వంట వేళకు ఊళ్లో కరెంటే ఉండదు. బ్యాటరీది మొద్దు సగం కోసేసరికి పడుకుంటుందని ఒకాయన చెప్పాడు. కొత్త పెట్రోలు రంపం ధర విన్నాక, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదనిపించింది.

చివరికి రాయచోటిలో ఒక మెకానిక్ దగ్గర వాడిన పెట్రోలు రంపం దొరికింది. ఇంజను బాగుంది. చైను కొత్తది. ధర కొత్తదాంట్లో సగం కూడా లేదు.

"ఒకటి చెప్తా ఇను," అన్నాడు మెకానిక్. "దీనికి బ్రేకు ఇరిగిపోయింది. రంపం కొన మొద్దుకు తగిలితే ఒక్కోసారి ఎగిరి మొగం మీదికొస్తాది. అప్పుడు చైనును ఆపేది ఆ బ్రేకే. మా ఇంట్లోవాళ్లకైతే నేను దీన్ని ఇయ్యను."

"మావాడు జాగర్త మనిషిలే," అన్నాడు దస్తగిరి.

మావాడంటే ఓబులేసు. కట్టెలు కోయాల్సింది అతనే కదా.

దస్తగిరి బస్సులో రంపాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దర్గా సొమ్ము ఇంత మిగిల్చిన శిష్యుడు ఇంతకుముందు పుట్టి ఉండడని కూడా అనుకున్నాడు. దర్గాకు చేరగానే దాన్ని బాబా ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తాడు ఒక్కసారి లాగితే చాలు బాబా, అందుకుంటాది. పెట్రోలు గూడా పెద్దగా తాగదు. ఇంత తక్కువకు ఈ చుట్టుపక్కల ఎవురికీ దొరకదు."

"నమ్మొచ్చునా?"

"కళ్లు మూసుకోని నమ్మొచ్చు."

"లోపమేమీ లేదా?"

"లేదు బాబా."

అబద్ధమాడుతున్నానని అతనికి అనిపించలేదు. బాబా ఇంజను గురించే అడుగుతున్నారని అనుకున్నాడు. అట్లా అనుకోవడం సులువుగా ఉంది మరి.

బాబా రంపాన్ని ఒళ్లోకి తీసుకుని అంతా తడిమారు. ముందరి పిడి దగ్గర, బ్రేకు విరిగినచోట, ఆయన బొటనవేలు కాసేపు ఆగింది. శాలువా తీసి అరుగు మీద పెట్టి, రంపంతో చెట్టు దగ్గరికి నడిచారు.

అప్పుడు గుర్తొచ్చింది దస్తగిరికి. ఆ దర్గాలో ఏ కొత్త వస్తువు వచ్చినా పని బాబా చేత్తోనే మొదలవ్వాలి. కొత్త డేగిసా వస్తే మొదటి అన్నం ఆయనే వండుతారు. బావికి కొత్త చేంతాడు వేస్తే మొదటి బొక్కెన ఆయనే తోడతారు. రంపానికి మాత్రం ఊదు పొగ పట్టి వదిలేస్తారేమోనని దస్తగిరి ఆశపడ్డాడు.

"ఓబులేసూ, మొద్దు దొర్లకుండా కింద చెక్క పెట్టు," అన్నారు బాబా.

ఓబులేసు పరుగున వచ్చి చెక్క పెట్టాడు.

"మీకెందుకు బాబా ఈ పని?" అన్నాడు దస్తగిరి. "ఓబులేసు కోస్తాడు గదా."

"కోస్తాడు. ముందు నేను కొయ్యాల గదా."

బాబా తాడు లాగారు. ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. ఆ ముసలి మణికట్లు రంపంతో పాటు వణుకుతున్నాయి. ఆయన మొద్దు మీదికి వంగారు. తెల్లటి గడ్డం తిరుగుతున్న చైనుకు బాగా దగ్గరగా ఉంది.

దస్తగిరి గట్టిగా అరిచాడు.

"వద్దు బాబా! దానికి బ్రేకు లేదు! ఎగిరి మీదికొస్తాది, చంపేస్తాది!"

దర్గా లోపల ఫాతెహా చదివిస్తున్నవాళ్లు కూడా ఆ కేకకు బయటికి వచ్చేశారు.

బాబా మీట నొక్కారు. ఇంజను ఆగింది. చైను ఇంకా మొద్దును తాకనే లేదు.

ఓబులేసు మొద్దు పక్కన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. రంపాన్ని చూశాడు. దస్తగిరిని చూశాడు. ఆ మొహంలో కోపం లేదు. విన్నది నమ్మలేకపోతున్నాడు.

"ఈ సంగతి ఓబులేసుకు చెప్పినావా?" అన్నారు బాబా.

దస్తగిరి తల దించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"చెప్పినాడు బాబా. దస్తగిరన్న నాకు ముందే చెప్పినాడు. నేనే, ఏం కాదులే అంటి."

దస్తగిరి నిర్ఘాంతపోయాడు. ప్రాణం మీదికి తెచ్చినవాణ్ణి ఓబులేసు వెనకేసుకొస్తున్నాడు. బాబా నలుగురిలో చెంప పగలగొట్టినా ఇంతకంటే బాగుండేదనిపించింది.

"లేదు బాబా," అన్నాడు. "చెప్పలేదు. చెప్పాలని గూడా నాకు తోచలేదు."

"నాకెందుకు చెప్తావు? ఆయనకు చెప్పు."

దస్తగిరి ఓబులేసు వైపు తిరిగాడు. "దానికి బ్రేకు లేదు ఓబులేసూ," అని గొణిగాడు. ఓబులేసు ఇబ్బందిగా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

బాబా అరుగు మీది శాలువా తీసి కప్పుకున్నారు.

"ఇందాక నాకోసం అరిచినావే. అంత గట్టిగా చెప్పు."